నల్ల గుడ్డ మీద నల్ల దారం

శనివారం పొద్దున భోజనాల బల్ల మీద దుప్పటి పరచి, బ్రిట్టా బడి గుడ్డ ఇస్త్రీ చేస్తోంది. జానెడున్నర వెడల్పు, ముప్ఫై మీటర్ల పొడవు, కాటుకలాంటి నలుపు. ఇస్త్రీ అయినంత మేరా బల్ల అంచు దాటి జారి, కుర్చీ కాళ్ళ మధ్య చుట్టలు చుట్టుకుంటోంది.

"సెలవు రోజు కూడా బడి చాకిరేనా?" అన్నాడు ఆమె భర్త రోలాండ్, కాఫీ కప్పుతో దాన్ని దాటుకుంటూ. "నీ అంత తేరగా ఎవరు దొరుకుతారులే వాళ్ళకి!"

బ్రిట్టా గుడ్డను ఇంకో మూర ముందుకి లాగింది. డులూత్‌లో, సరస్సు ఒడ్డున ఉన్న ఆ మాంటిస్సోరి బడిలో పదకొండేళ్ళుగా ఆమె సహాయకురాలు. సైన్సు అల్మారాలో ఉన్న ప్రతి వస్తువూ ఈ బల్ల మీదే పుట్టింది. నీళ్ళలో తేలేవీ మునిగేవీ వేరు చేసే పళ్ళేలు, అయస్కాంతాల పెట్టెలు, పొగలు కక్కే మట్టి అగ్నిపర్వతం, అట్టల మీద అతికించిన ఆకులు. వాటిని పిల్లల ముందు పెట్టి కథ చెప్పేది మాత్రం టీచరు టోబిన్. "సైన్సు మీరు చెబితేనే వినాలండీ" అని తల్లిదండ్రులు అతని చెయ్యి పట్టుకుని ఊపుతుంటే, ఆమె వెనకాల నేల మీద ఒలికిన నీళ్ళు తుడుస్తూ ఉంటుంది. పూర్తి టీచరు కావాలంటే మినియాపొలిస్‌లో రెండు వేసవులు శిక్షణ తీసుకోవాలి. రెండుసార్లు సీటొచ్చింది, రెండుసార్లూ రానని రాసింది. మొదటిసారి రోలాండ్ మోకాలి ఆపరేషను. రెండోసారి అత్తగారు ఐలీ జారిపడి, వాళ్ళింటికి వచ్చేసింది. ఈ ఏడు మళ్ళీ ఉత్తరం వచ్చింది. శుక్రవారం లోపల జవాబు రాయాలి. "వెళ్ళొద్దని నేనెప్పుడైనా అన్నానా? అమ్మనెవరు చూస్తారో చెప్పేసి శుభ్రంగా వెళ్ళు" అన్నాడు రోలాండ్. ఎప్పుడూ అలాగే అంటాడు. వద్దన్న మాట అతని నోట రాదు.

ఇస్త్రీ పెట్టె కింద గుడ్డ గరగరమంది. వేలితో తడిమింది. ఏవో గరుకు కుట్లు, పాత మరమ్మతులు కాబోలు అనుకుంది. బడి సామాన్ల గదిలో ఎలుకలు కొరికిన పెట్టెలో దొరికింది ఈ గుడ్డ. "ఎవరో పిల్లాడి తల్లి కుట్టిచ్చిందట, ఎప్పుడో. కాస్త శుభ్రం చేసి తేవూ? నీకలవాటేగా" అన్నాడు టోబిన్.

తలెత్తేసరికి గుమ్మంలో ఐలీ నిలబడి ఉంది. ఎనభై నాలుగేళ్ళ మనిషి. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"దాన్ని ఇంట్లో ఎందుకు పరిచావు?"

"బడిదండీ. భూమి పుట్టిన దగ్గర్నుంచీ కాలం ఎంత పొడుగో పిల్లలకి చూపించడానికి."

"తెలుసు. తీసెయ్."

ఆ రోజు గుడ్డ మడత పెట్టేదాకా ఆవిడ ఆ గదిలోకి రానూ లేదు, తిండి తిననూ లేదు. "చాదస్తం ముదిరింది" అన్నాడు రోలాండ్.

మంగళవారం బడిలో పొడుగాటి వరండా నిండా ఆ గుడ్డను పరిచారు. బయట సరస్సు మీద మంచు పలకలు ఒకదాన్నొకటి రాసుకుంటూ మూలుగుతున్నాయి. గుడ్డకి రెండు పక్కలా ఇరవై మంది పిల్లలు కూర్చున్నారు. టోబిన్ గొంతు తగ్గించి నడుస్తూ చెబుతున్నాడు. "ఇదంతా భూమి వయసు. ఇక్కడ నిప్పు. ఇక్కడ వాన, ఆగని వాన. ఇక్కడ ఎవరూ లేరు. అదిగో, ఆ చివర దారమంత తెల్ల గీత ఉందే, అదీ మనం."

మేబెల్ అనే ఏడేళ్ళ పిల్ల బోర్లా పడుకుని, కళ్ళు మూసుకుని, గుడ్డ మీద వేలు పెట్టి రాస్తోంది. గరుకు కాగితం అక్షరాలను వేలితో తడిమి చదువు నేర్చుకున్న పిల్లలు వాళ్ళందరూ.

"మేబెల్, లేచి కూర్చోమ్మా. అక్కడేమీ లేదు. ఇంకా ప్రాణమే పుట్టలేదు."

"ఉన్నారు" అంది మేబెల్ కళ్ళు తెరవకుండా. "ఎవరో ఉన్నారు. ఈ... రోజు... కూడా... వెళ్ళ... లేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ పక్క పిల్లాడు వేలు పెట్టి చూశాడు. నవ్వు ఆగిపోయింది. ఒకరిని చూసి ఒకరు, అందరూ బోర్లా పడుకుని కళ్ళు మూసుకున్నారు. కూడబలుక్కుని చదివే సన్నటి గొంతులు వరండా అంతటా లేచాయి. ఈ రోజు కూడా వెళ్ళలేదు. ఈ రోజు కూడా వెళ్ళలేదు, మంచు. ఈ రోజు కూడా వెళ్ళలేదు, చుట్టాలొచ్చారు. టోబిన్ రెండుసార్లు చప్పట్లు కొట్టినా ఎవరూ లేవలేదు. నల్ల గుడ్డ మీద నల్ల దారంతో కుట్టిన మాటలు. కళ్ళున్న వాళ్ళెవరికీ ఇన్నేళ్ళూ కనిపించలేదు.

బ్రిట్టా కాళ్ళ దగ్గరే ఒక పిల్ల చదువుతోంది. "ఈ రోజు కూడా వెళ్ళలేదు. రో... లాండ్‌కి... దగ్గు."

బ్రిట్టా వంగి ఆ కుట్ల మీద వేలు పెట్టింది. 'మా అమ్మ ఏ పనీ చెయ్యలేదు, జీవితమంతా హాయిగా ఇంట్లోనే ఉంది' అని రోలాండ్ గొప్పగా చెప్పుకునే మాట చెవుల్లో గింగురుమంది. ఆ అమ్మే, ఆరేళ్ళ రోలాండ్‌ని ఈ బడికి తీసుకొచ్చి దింపిన రోజుల్లో ఈ గుడ్డ కుట్టింది.

మధ్యాహ్నం ఆమె ఇంటికి వచ్చేసరికి ఐలీ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. బ్రిట్టా కోటు విప్పకుండానే ఎదురుగా కూర్చుంది.

"పిల్లలు చదివారు."

ఐలీ ఉలిక్కిపడలేదు. "చదువుతారు. వేళ్ళు మంచివి వాళ్ళవి."

"ఎక్కడికి వెళ్దామనుకున్నారు?"

"విన్నిపెగ్. సరిహద్దు అవతల, మా అక్క దగ్గరికి. అక్కడ నర్సు చదువుకి పేరు కూడా రాయించింది అది. మొదట్లో తెలిసేది ఎక్కడికో. పోనుపోను ఆ ఊరి పేరు కూడా తలపుకొచ్చేది కాదు. వెళ్ళలేదన్నది ఒక్కటే గుర్తుండేది."

"చివరి రెండు బారలూ కుట్లు లేవు."

"అప్పటికి అలవాటైపోయింది. అలవాటైంది ఎవరైనా రాసుకుంటారా?"

ఐలీ ముందుకు వంగి, చల్లటి వేళ్ళతో బ్రిట్టా అరచెయ్యి విప్పి, అక్షరాలు వెతుకుతున్నట్టు మెల్లగా తడిమింది.

"నీది ఎంతదాకా వచ్చింది?" అని అడిగింది.

మోకాలి ఆపరేషను, జారిపడ్డ రోజు, ఇస్త్రీ చేసిన శనివారాలు అన్నీ ఒక్కసారి వరసగా బ్రిట్టా కళ్ళ ముందు తిరిగాయి. చెయ్యి వెనక్కి లాక్కోవాలనిపించింది, కానీ లాక్కోలేదు. ఆవిడ తడమడం పూర్తయ్యేదాకా ఉండి, లేచి వెళ్ళి, నాలుగు వాక్యాల జవాబు రాసి పంపేసింది.

సాయంత్రం రోలాండ్ రాగానే చెప్పింది. "జూన్‌లో మినియాపొలిస్ వెళ్తున్నా. వస్తానని రాసేశాను."

అతను బూట్లు విప్పుతూ ఆగాడు. కోపం తెచ్చుకోలేదు. నవ్వాడు. "మంచిదే. మరి అమ్మ సంగతి?"

"అమ్మకి కొడుకున్నాడుగా" అంది కిటికీ దగ్గరి గొంతు.

ఆ మాట ఎవరు అన్నారో తెలియనట్టు రోలాండ్ గది నాలుగు మూలలా చూశాడు.