డ్రమ్ముల వెనక దుప్పటి

ఉదయ్ తెప్పించుకున్న ఫొటో అట్టగొట్టంలో వచ్చింది. దాన్ని పట్టుకోవడానికని తెల్ల గ్లౌజులు కూడా కొన్నాడు. 1976లో ఒక ఇంగ్లండు రాక్ బ్యాండు పాత గోదాములో సాధన చేస్తుండగా తీసిన నలుపు తెలుపు బొమ్మ. అడుగున తెల్లగా వదిలిన చోట పెన్సిలుతో 31/75 అని, పక్కన తీసినాయన సంతకం.

"డెబ్బై ఐదే అచ్చేసినారు, ఇది ముప్పై ఒకటోది. పాడైతే మళ్లీ దొరకదు," అని భార్యకు చెప్పాడు.

రేణుక కళ్లు ఆ నలుగురు జులపాల మగవాళ్ల మీద నిలవలేదు. డ్రమ్ముల వెనక గోడకు చారల దుప్పటి ఒకటి వేలాడుతోంది. మూడు రోజులు ఇంటిపని చేసుకుంటూనే పదేపదే వచ్చి దాన్నే చూసింది.

ఆమె తండ్రి చిన్నప్ప ఎమ్మిగనూరులో యాభై ఏళ్లు మగ్గం నేశాడు. పెండ్లికి ముందు తాను నేసిన దుప్పట్లు ఓడెక్కి ఇంగ్లండు సీమకు పోయినాయని చెప్పేవాడు. చూపించడానికి ఒక్కటీ మిగల్లేదు. "దుప్పట్లు ఓడెక్కినాయంట. నేసినాయన మాత్రం ఆదోని బస్సు తప్ప ఏమీ ఎక్కలేదు," అని తల్లి భీమమ్మ నలభై ఐదేళ్లుగా ఎత్తిపొడుస్తూనే ఉంది.

ఆ దుప్పటిని సెల్లులో తీసి తండ్రికి పంపితే చారలు అలుక్కుపోయాయి. "నువ్వే రా నాయనా. పోగులు చూసే అద్దం తీసుకొనిరా," అంది రేణుక.

ఆదివారం తల్లిదండ్రులిద్దరూ వచ్చారు. ఉదయ్ ఫ్యాను ఆపి, ఫొటోను బల్ల మీద పరిచి, మామకు గ్లౌజులిచ్చాడు.

"బాగుండావు డాక్టరూ. రోగి యాడ?" అంది భీమమ్మ, గ్లౌజులు తొడుక్కున్న మొగుడితో.

చిన్నప్ప ఫొటో మీదికి వంగాడు. "ఇది కాయితమేనా అప్పా? పత్తి మాదిరి ఉందే."

"పత్తితో చేసిందే మామా."

తల ఊపి అద్దం కంటికి ఆనించాడు. ఆ దుప్పటి తాను నేసిందేనని ఆయన అంటే కాదనగలిగేవాళ్లు ఆ ఇంట్లో లేరు. అమ్మ నోరు మూతపడుతుంది. అవుననాలనే రేణుక కోరుకుంది.

చిన్నప్ప ఎడమనుంచి ఒకసారి, కుడినుంచి ఒకసారి లెక్కపెట్టాడు.

"లావు గీతలు రెండూ మా మాదిరే ఉండాయి. నడుమ సన్నగీతలు తొమ్మిది. మేము ఏడే వేస్తాంటిమి."

"రెండు గీతలే కదా తేడా నాయనా. మర్చిపోయింటావు."

"రోజూ వేసిన గీతలు పాపా, యాడ మర్చిపోతాను? ఇది మాది కాదు. ఎవురో గానీ బాగా నేసినారు." గ్లౌజులు ఒక్కో వేలూ లాగి తీసి, మడిచి అల్లుడికిచ్చాడు.

ఇక అమ్మ మొదలుపెడుతుందని రేణుక చూసింది. భీమమ్మ మాత్రం బల్ల దగ్గరికి వచ్చింది. మొగుడి చేతిలోని అద్దం తీసుకుని, తానూ వంగి చాలాసేపు చూసింది.

"ఉదయప్పా, ఆ కాలంలో ఇట్లా పాటగాళ్లను ఇంకా ఫొటోలు తీసింటారు గదా?"

"శానా ఉండాయత్తా."

"యాడన్నా గోడకు దుప్పటి కట్టింటే సూడు. ఏడు గీతలది."