ఎగువ సీసా

రెండేళ్ళు! శనివారం వస్తే చాలు, పెళ్ళున్నా చావున్నా మొగులయ్య సీసా పట్టుకొని వాగులో దిగేవాడు. నీటి కాలుష్యం మీద పనిచేసే పట్నం సంస్థవాళ్ళు నేర్పినట్టు రంగు కాగితం నీళ్ళలో ముంచి, ఏ రంగు తేలిందో నోటుబుక్కులో రాసేవాడు. కొత్తూరు దగ్గర మందుల ఫ్యాక్టరీ వాగులోకి పైపు వదిలినప్పటి నుంచి ఒడ్డునున్న అతని బావి చెడిపోయింది. ఆ నీళ్ళు పోసుకుంటే ఇంటిల్లిపాదికీ దద్దుర్లే. ఆ పైపు మూయించాలన్నదొక్కటే అతని పట్టు.

తీరా 2012 ఎండాకాలంలో పుస్తకాలన్నీ చంకన పెట్టుకొని కాలుష్య నియంత్రణ ఆఫీసుకు పోతే, ఆఫీసరు తిరగేసి ఏమన్నాడు?

"అన్నీ పైపుకు దిగువ నీళ్ళేనండీ. మురికి పైనుంచే వస్తోందేమో, మాకెలా తెలుస్తుంది? సోమవారంలోగా ఎగువ నీళ్ళ సీసా తెచ్చివ్వండి. లేదంటే ఫైలు మూసేస్తాం."

మొగులయ్యకు ఒళ్ళు మండిపోయింది. ఆఫీసరు మీద సగం, తన మీద సగం. ఎగువ నీళ్ళూ పట్టాలని సంస్థవాళ్ళు మొదటి రోజే చెప్పారు. కానీ ఎగువన ఉన్నది అన్న బుచ్చయ్య చేను. అతను పొలం గట్టు జరిపాడని తగువై, పన్నెండేళ్ళ కింద మొగులయ్య ఆ చేన్లో అడుగు పెట్టనని ఒట్టేసుకున్నాడు.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టు," అని కసిరింది భార్య సక్కుబాయి. "గోక్కొని గోక్కొని పిల్లల పెయ్యంత పుండ్లయినయ్. కాళ్ళు పట్టుకుంటవో, గడ్డం పట్టుకుంటవో, సీసా నింపుకొని రా పో!"

ఆదివారం పొద్దున పోయాడు. గట్టు దగ్గరే కాళ్ళు ఆగిపోయాయి.

"ఏందిరా, తొవ్వ తప్పినవా?" అన్నాడు బుచ్చయ్య.

"అన్నా, జర వాగు నీళ్ళు పట్టుకపోత. ఒక్క సీసనే."

విమానం ఒకటి తల మీదుగా పోయింది. దాని మోత తగ్గాక బుచ్చయ్య ముందు నడిచి వాగు చూపించాడు. ఇసుక, ముళ్ళకంప. చుక్క తడి లేదు.

"నీళ్ళేడున్నయ్‌రా? నాలుగేండ్లాయె ఎండి. వానపడ్డ నాడు పారుతది, తెల్లారితె ఇసుకనే. నీ దిక్కు పారేదంత ఆ పైపుదే. నువ్వే ఇటు రాకపోతివి."

మొగులయ్య ఇసుకలో కూలబడ్డాడు. ఒక్కసారి గట్టు దాటి చూసుంటే మొదటి వారమే తేలిపోయేది.

సోమవారం ఆఫీసరు బల్ల మీద సీసా పెట్టాడు. అందులో గుప్పెడు ఎండిన ఇసుక.

"ఇదేంటండీ? నీళ్ళేవి?"

"ఎగువ నీళ్ళు గివే సారూ. పైపుకు పైన వాగే లేదు."

"ఫారంలో ఇసుకకు గడి లేదండీ."

"అయితే మీరే వచ్చి చూడుండ్రి. మా అన్న చేన్లకెళ్ళి తొవ్వున్నది."

ఆఫీసరు కుర్చీలోంచి లేవలేదు. మొగులయ్యా అక్కడి నుంచి కదల్లేదు.