చెయ్యి విరిగితే లివరు గొడవేటి?

టక్—

జీడిపిక్క పగిలినట్టే వినిపించింది.

పలాసలో ముప్పై ఏళ్లు పిక్కలు కొట్టిన బంగారమ్మకు ఆ చప్పుడు కొత్త కాదు. కానీ ఈసారి పగిలింది పిక్క కాదు.

ఆమె కుడి మణికట్టు.

జారిపడలేదు. దెబ్బ తగల్లేదు. బోరింగు దగ్గర బిందె ఎత్తింది... అంతే. నిండు బిందె కూడా కాదు. సగం బిందె.

అరవై రెండేళ్ల చెయ్యి. సగం బిందెకే విరిగింది.

నొప్పి కంటే ముందు ఆమెకు ఆశ్చర్యం కలిగింది.

టెక్కలి ఆసుపత్రిలో మణికట్టుకు ప్లేటు వేయాలన్నారు. ఆపరేషనుకు ముందు రక్తం తీశారు. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానంలో రక్తం తీశారంటే ఎవరికైనా మొదట కిడ్నీలే గుర్తొస్తాయి. కొడుకు రమేష్ రిపోర్టు వచ్చేదాకా మంచినీళ్లు ముట్టలేదు.

కిడ్నీలు బాగున్నాయి.

ఉన్నది వేరొకటి. హెపటైటిస్ సి. కాలేయంలో చేరి ఏళ్లకేళ్లు ఉలుకూ పలుకూ లేకుండా ఉండే వైరస్.

నయమవుతుందా అని రమేష్ అడిగాడు. మూడు నెలలు మాత్రలు వాడితే చాలామందికి పోతుందని చెప్పింది డాక్టరు బిందుమాధవి.

బంగారమ్మ అడిగింది మాత్రం వేరు.

"సెయ్యి ఇరిగితే లివరు గొడవేటమ్మా? దానికీ దీనికీ ఏటి సంబంధం?"

డాక్టరు కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"ఎముకకి విటమిన్ డి కావాలి కదమ్మా, అది పనికొచ్చేలా తయారవ్వాలంటే కాలేయం కూడా ఒక చెయ్యి వేయాలి. ఈ వైరస్ ఉన్న పెద్దవాళ్లలో ఎముకలు పలచబడటం ఎక్కువని అంటున్నారు. మీ చెయ్యి దానివల్లే విరిగిందని మాత్రం చెప్పలేను. వయసూ ఉంది."

"మరి నాకెలాగొచ్చింది?"

"ఒకే సూదితో పదిమందికి ఇంజక్షన్లు వేసిన రోజులుండేవి..."

ఆ మాట దగ్గర బంగారమ్మ ఆగిపోయింది.

ఒక వానాకాలం. జీడిపిక్కల షెడ్డు. అందరికీ జ్వరాలు. సంచి పట్టుకుని ఒకాయన వచ్చాడు. ఒకే ఒక గాజు సిరంజి. ఆడవాళ్లంతా వరసగా చెయ్యి చాపారు.

వరసలో బంగారమ్మకు ముందు నయోమి.

ముప్పై ఏళ్లు పీట పక్కన పీట వేసుకు కూర్చున్న నయోమి. పోయినేడాది నుంచి నడుం వంగిపోయిన నయోమి. వయసు, అన్నారు అందరూ. నయోమి కూడా అదే అంది.

వయసేనా?

చేతికి ప్లేటు వేశారు. మాత్రలు మొదలయ్యాయి. ప్రశ్న మాత్రం లోపల తిరుగుతూనే ఉంది. అడగాలంటే ముందు తన జబ్బు చెప్పుకోవాలి. చెబితే ఊళ్లో ఏమంటారో—

పదకొండో రోజు కట్టుతోనే బస్సెక్కింది.

అక్కుపల్లిలో నయోమి గుమ్మం ముందు ఎండుచేపలు ఏరుతోంది. ఎవరొచ్చారో చూడటానికి మెడ పక్కకు తిప్పాల్సి వచ్చింది.

"వదినా, ఆ సూది గుర్తుందేటి?"

"ఏ సూది?"

"షెడ్డు కాడ... జరాలప్పుడు. నీ ఎనకాల నేను."

చేపల మీద చెయ్యి ఆగింది.

బంగారమ్మ అంతా చెప్పింది. కాలేయం, ఎముక, డాక్టరుకు తెలిసింది, తెలియనిది. తన జబ్బు పేరు కూడా, గొంతు తగ్గించకుండా.

"నాది ముసిలితనమేనే," అంది నయోమి.

"అవ్వొచ్చు. కాకపోవొచ్చు. సూపించుకుంటే పోద్ది గదా."

సముద్రం మీది గాలి చేపల వాసనను ఇంట్లోకి తోసింది. నయోమి ఏరిన చేపలు పక్కకు నెట్టింది.

మూడో రోజున ఇద్దరూ టెక్కలి ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చున్నారు. నయోమి మోచేతి మడతలో దూది ముక్క. రిపోర్టు సాయంత్రానికి వస్తుందన్నారు.

నయోమి దూది వైపే చూస్తూ అంది—

"ఆ వరసలో మనమిద్దరమే కాదు గదే. ఇంకా ఎవులెవులున్నారు?"

బంగారమ్మ కళ్లు మూసుకుంది.

ఒక్కొక్క మొహం...

"ఇచ్ఛాపురం ఎల్లిపోయిన ప్రమోదిని ఉంది," అంది. "దాని ఎనకాల..."