గూడు చుట్టూ నీలం చార

నిన్న పిడికెడంతే ఉంది కదా, ఇవాళ ముంతంత అయిందేమిటి, కాదు, నిన్న తను సరిగా చూడలేదు, చూస్తే ఏదో ఒకటి తేల్చుకోవాలి కదా, అందుకే చూడలేదు, అనుకుంటూ ఆవిడ తడిబట్టల బకెట్టు కింద పెట్టింది, తోట మూల రేకుల పంచలో ఆయన పుస్తకాల బైండింగ్ ప్రెస్సు, ఇద్దరు పట్టినా కదలని ఇనుము, పోయిన ఏడాది ఆయన పోయాక కొట్టు ఖాళీ చేసి దాన్నిక్కడ దింపిస్తుంటే మోసినవాళ్లు ఏమ్మా, పాత ఇనుముకి వేసెయ్యకూడదూ అన్నారు, వేసెయ్యొచ్చు, ముప్ఫై నాలుగేళ్లు దాని చక్రం తిప్పిన మనిషే లేనప్పుడు ఇదొక లెక్కా, అనబోయి, ఈ మూల దించండి అంది, ఇప్పుడు దాని పై పలక కింద కందిరీగలు గూడు కట్టాయి, బూడిద రంగు గూడు, దాని నడుము చుట్టూ వేలెడు వెడల్పున నీలం చార, ఆ చార లేకపోతే ఎంత బాగుండేది, అది లేకపోతే మొదటి రోజే మందు కొట్టేవాణ్ణి పిలిచేసి ఉండేది, పిలవలేదు, మూడు వారాలుగా రేపు, ఎల్లుండి అంటూ నెట్టుకొచ్చింది, ఆ మందు కొట్టేవాడు పొద్దున ఫోనులో తెగేసి చెప్పాడు, పొద్దుగూకేటప్పుడు అన్నీ గూటికి చేరాక కొట్టాలమ్మా, నాలుగు లోపు చెప్తే ఇవాళే వస్తా, లేదంటే పది రోజుల దాకా నాకు తీరదు, అప్పటికి అవి మీ మాట వినవు, అన్నాడు, ఇప్పుడు మాత్రం వింటున్నాయా, గోడ గడియారం మూడున్నర కొట్టి ఎంతసేపయిందో.

వంటింటి కిటికీ మూసే ఉంది, ఇంత ఉక్కలోనూ మూసే ఉంది, అద్దం వెనక ఆడపడుచు ఏదో తరుగుతోంది, మూడు వారాలుగా గడప దాటలేదు మనిషి, తన చీరలు కుర్చీల మీదే ఆరేసుకుంటోంది, అడిగితే ఉండనీ వదినా, నేను బయటికొచ్చి ఉద్ధరించేదేముంది, ముప్ఫై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పి చెప్పి తోటలూ చెట్లూ చూడ్డం ఎలాగూ మర్చిపోయాను, అంటుంది, మాటకి నవ్వొస్తుంది, అసలు కారణం ఇద్దరికీ తెలుసు, నాలుగేళ్ల కిందట ఇదే తోటలో ఒక్కటంటే ఒక్క కందిరీగ ఆమె మోచేతి మీద కుట్టింది, కుడితే ఏమవుతుందిలే అని ఆయనా తనూ కలిసి ఏం చేశారు, బైండింగు వాళ్ల బుద్ధి ఎక్కడికి పోతుంది, తెగినా కాలినా తమకి తెలిసిన మందు ఒకటే కదా, జిగురు, గిన్నెడు చల్లటి మైదా జిగురు తెచ్చి మోచేయంతా మెత్తి, పైన కాగితం అంటించి, ఆరనీ, లాగేస్తుంది అని ఆయన గడియారం చూస్తూ కూర్చున్నారు, పుస్తకం ఎండబెట్టినట్టు చెల్లెల్ని ఎండబెట్టారు, అరగంటకి మొహం గుమ్మడికాయంత అయింది, ఊపిరి ఈల వేసింది, ఆటోలో ఆమె తల తన ఒళ్లో ఎలా వేలాడిపోయిందో, డాక్టరు ఆ జిగురు గీకుతూ ఇదేంటయ్యా అంటే ఆయన నీళ్లు నమిలి, అందులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కూడా కలుపుతామండీ అన్నారు, డాక్టరు చేతులెత్తి దణ్ణం పెట్టి, మనిషికి అట్ట వేద్దామనుకున్నారా, ఇంకోసారి కుడితే నా దాకా కూడా తీసుకురాలేరు, అని, కుట్టగానే పొడుచుకోవాల్సిన మందు సూది ఒకటి చేతిలో పెట్టి, ఇది ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి అన్నాడు, అప్పట్నించి ఆమె దాన్ని కళ్లజోడు పెట్టెలో పెట్టుకుని, కళ్లజోడేమో ఎక్కడ పెట్టానా అని ఇల్లంతా వెతుక్కుంటూ ఉంటుంది.

ఒక గూడు తీయించడానికి ఇంత ఆలోచనా, ఎవరైనా వింటే నవ్వరూ, కానీ ఆ చార ఎక్కణ్ణించి వచ్చిందో తనకి తెలుసు, పెళ్లయిన కొత్తల్లో ఎర్ర అట్టలు ఎండలో ఆరేసి నువ్వు చూస్తుండు అని ఆయన బయటికెళ్తే, చూస్తూనే ఉంది, కాకుల కోసం చూసింది, కుక్కల కోసం చూసింది, అట్టల మీద వాలిన కందిరీగల్ని అవేం చేస్తాయిలే అని వదిలేసింది, సాయంత్రానికి అట్టల నిండా గోటితో గీరినట్టు సన్నటి తెల్లగీతలు, పాతిక అట్టలు పాడు, ఏడుపొక్కటే తక్కువ, ఆయన తిట్టలేదు, చెయ్యి పట్టుకుని పెరటి గోడ దగ్గరికి తీసుకెళ్లి చూరు కింద గూడు చూపించారు, బూడిద మీద ఎర్రటి చార, చూశావా, మన అట్ట నమిలి కాగితం చేసుకున్నాయి, వాటిదీ మన వృత్తే, కాకపోతే వాటికి పుస్తకం కుట్టడం రాదు, అన్నారు, ఆ చెయ్యి జిగురు వాసన, అప్పటికి ఆ వాసన నచ్చేది కాదు, ఎప్పుడు నచ్చడం మొదలైందో గుర్తు లేదు, ఇప్పుడు కొట్టూ లేదు, జిగురూ లేదు, పాటల మేష్టారి నోటుపుస్తకాలకని ఆయన ఆఖరి సాయంత్రం కోసి, అంచులు నున్నగా రుద్ది, రేపు కుడదాంలే అని బరువు పెట్టి పడుకున్న నీలం అట్టలు ఉన్నాయి, ఆ రేపు రాలేదు, మేష్టారూ అడగలేదు, తనే వాటిని కట్టగట్టి ప్రెస్సు వెనక పెట్టింది, కందిరీగలకి తప్ప ఎవరికీ పనికి రాలేదు, ఆయన చేతి పని ఈ లోకంలో ఇంకా సాగుతున్న చోటు ఏదైనా ఉందంటే అదుగో, ఆ గూడే, రోజుకో వరస పెరుగుతూ, దాని మీద మందు కొట్టించమంటే ఎలా, కొట్టించకపోతే ఎలా, ఎంతకాలం ఆ పిల్లని అద్దం వెనక కూర్చోబెట్టడం, పిల్లేమిటి, యాభై దాటింది, అయినా తనకి పిల్లే.

వదినా, కదలకు, అన్న కేక వినబడేసరికి మెడ మీద చల్లగా ఏదో పాకుతోంది, కందిరీగ ఒకటి, కాళ్లు లెక్కపెట్టొచ్చు, తలుపు ధడాల్మంది, వద్దే, రాకే, అని అరవాలంటే మెడ కదులుతుంది, ఆడపడుచు చెప్పులైనా లేకుండా పరిగెత్తుకొచ్చేసింది, చేతిలో వంటింటి గుడ్డ, ఊపిరి కూడా తీయకు, అంటూ గుడ్డ అంచు పువ్వు తీసినంత మెల్లిగా మెడకి ఆనించింది, అది ఎక్కింది, విదిలించింది, అది చెవుల పక్కనించి జుయ్యిమని పోయింది, పోయాక తను కసిరింది, నీకేమైనా పిచ్చెక్కిందా, నన్ను కుడితే చురుక్కుమంటుంది, అంతే, నిన్ను కుడితే, నీ కళ్లజోడు పెట్టె ఏదే, అంటే లోపలే ఉంది వదినా, తేవడానికి టైమెక్కడిది, అని ఆమె నవ్వేసి, నవ్వుతూనే ప్రెస్సు వైపు తిరిగి, అబ్బ, ఆ నీలం అన్నయ్య అట్టలదే కదూ, నాకు మొన్న కిటికీలోంచే అనుమానం వచ్చింది, అందుకే నువ్వు ఊరుకున్నావని నేనూ ఊరుకున్నా, అంది, ఇంకా అంది, వీటిని చూసే కదా అన్నయ్య చిన్నప్పుడు నాన్న పేపరంతా నమిలాడు, ఎనిమిదేళ్లు వాడికి, నేనూ గూడు కడతానని పొద్దున్నించీ నమిలి నమిలి ఉమ్మి, మంచం కోడుకి అంటించాడు, నాకు నాలుగేళ్లు, నేనూ సాయం నమిలా, అమ్మ ఇద్దరికీ వాయించింది, నీకెప్పుడూ చెప్పలేదా.

చెప్పలేదు, ముప్ఫై నాలుగేళ్లలో ఒక్కసారీ చెప్పలేదు, నోటినిండా కాగితంతో బుగ్గలు ఉబ్బించుకున్న ఎనిమిదేళ్ల ఆయన్ని ఆవిడ ఇప్పుడే మొదటిసారి చూసింది, ఇంకా ఏమేం చేశాడే, ఏం చేయలేదని అడుగు వదినా, అంటూ ఆడపడుచు ఆ గూటికి రెండడుగుల దూరంలో ఉత్తికాళ్లతో నిలబడి నవ్వుతోంది, ముందు లోపలికి నడు, అని ఆవిడ ఆమెని రెక్క పట్టుకుని గడప లోపలికి తోసి తలుపేసింది, గడియారం చూసింది, ఇంకా పది నిమిషాలుంది, ఫోను అందుకుంది, అటువైపు మోగుతోంది, మోగుతూండగానే అనుకుంది, తన చేయి పట్టకముందు ఆయన ఇరవై నాలుగేళ్లు బతికారు, ఆ ఇరవై నాలుగేళ్లు చూసిన మనిషి ఈ భూమ్మీద ఇక ఇదొక్కతే.