వంకరతోక మీద నింద

ప్యూమా ఎలా తింటుందో గొర్రెల కాపరి సిస్తోకి తెలిసినంత బాగా ఆ ఎస్టేటులో ఇంకెవరికీ తెలీదు. ఆ ఉదయం అదే అతని కొంప ముంచింది.

ముళ్ళపొద పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చచ్చిన గొర్రెని పక్కటెముకల వెనక కత్తితో కోసి, చెయ్యి లోపలికి పెట్టి కాలేయం బయటికి లాగాడు. ప్యూమా, ఆ కొండల్లో తిరిగే పెద్దపిల్లి, ముందు అదే తింటుంది. కాలేయం, గుండె, ఆ తర్వాతే తొడలు. పొట్టసంచిని ముట్టదు, లాగి అవతల పారేస్తుంది. సిస్తో కూడా పారేశాడు. గొంతు మీద కోరలు దిగినట్టు కత్తిమొనతో పొడిచాడు. ప్యూమా ఆరుబయట తినదు కాబట్టి, ఈడ్చిన జాడ కనపడేలా గొర్రెని పొద కిందికి ఈడ్చాడు. ఎండుగడ్డి గుప్పిళ్ళతో పీకి మీద కప్పాడు, ఎందుకంటే మిగిలిన మాంసాన్ని మర్నాటికి అది అలాగే దాచుకుంటుంది. లేచి దూరంగా నిలబడి చూస్తే తనకే అనిపించింది, నిజంగా ప్యూమానే చేసిందేమోనని. అంత బాగా కుదిరింది.

కాస్త అవతల అతని కుక్క పింతో కూర్చుని తోక ఊపుతోంది. దాని మూతి మీద నెత్తురు ఎండిపోయి ఉంది.

గొర్రెల్ని చంపింది అదే. ఒక్కదాన్ని కాదు, మూడింటిని, అదీ ఆకలేసి కాదు. తొడలు పట్టి లాగి, చెవులు చీల్చి, ఆడుకుని వదిలేసింది. మిగతా రెండింటినీ సిస్తో అప్పటికే లోయలోకి తోసేశాడు. దక్షిణ అమెరికా కొసన పటగోనియాలో ఆ కొండల మీద గొర్రెలు కాసే ప్రతివాడికీ తెలిసిన కట్టుబాటు ఒకటుంది: గొర్రెని చంపిన కుక్కని బతకనివ్వకూడదు, చంపాల్సింది కూడా దాన్ని పెంచినవాడే. పింతో లేకపోతే ఆ గాలిలో, ఆ వాలుల్లో, అన్ని గొర్రెల్ని ఒంటరి మనిషి ఎలా తోలుకొస్తాడు? సిస్తో తనకి తాను చెప్పుకున్న కారణం అది. అసలు కారణం వేరే. ఆ రేకుల గుడిసెలో అతను మాట్లాడితే చెవి పెట్టి వినే ప్రాణి అదొక్కటే.

కుక్క మూతిని వాగులో కడిగి వచ్చేసరికి మేనేజరు మతూలిచ్ గుర్రం మీద రానే వచ్చాడు.

"ఏంట్రా సిస్తో, పైన రాబందులు తిరుగుతున్నాయి, ఎవరికిస్తున్నావు విందు?"

"గొర్రె పోయిందండి."

"ప్యూమానా?"

చాలా చిన్న ప్రశ్న. "అవునండి" అనడం ఇంకా చిన్నది.

అంతటితో అయిపోతుందనుకున్నాడు. ప్యూమా తిన్నదంటే వాన పడిందన్నట్టే, దానికి ఎవరూ ఎవర్నీ తిట్టరు. కానీ మతూలిచ్ గుర్రం దిగాడు. కొరడా కర్రతో గడ్డి పక్కకి నెట్టి చూశాడు.

"మరి నీ వంకరతోక గొర్రె జోలికి రాదని ఇన్నేళ్ళూ మాకు కథలు చెప్పావు కదరా?"

సిస్తోకి చెవులు వేడెక్కాయి. ఎందుకంటే అవి కథలు కావు, నిజాలు. వంకరతోక ఆ వాలు మీద తిరిగే ఆడ ప్యూమా. ఎప్పుడో గ్వనాకో కాలితో తన్నిందేమో, తోక చివర విరిగి పక్కకి తిరిగింది. ఒంటెకి పొట్టి చుట్టం లాంటి ఆ గ్వనాకోలే దాని తిండి. పొట్ట నేలకి ఆనించి, గ్వనాకో తల వంచి మేస్తున్నంతసేపూ జరిగి, తల ఎత్తితే రాయిలా బిగుసుకుపోయి, మళ్ళీ జరిగి, అలా పూటంతా పట్టేది దానికి. సగం సార్లు కావలి గ్వనాకో గుర్రప్పిల్లలా సకిలించి మంద మొత్తాన్ని లేపేసేది. అప్పుడు వంకరతోక లేచి ఆవలించేది, అసలు నాకలాంటి ఉద్దేశమే లేదన్నట్టు, సిస్తో దూరంగా రాళ్ళ మధ్య పడుకుని చూసి పగలబడి నవ్వేవాడు. ఏమీ దొరక్కపోతే కుందేళ్ళు పట్టుకునేది. గొర్రెల మందలోంచి నడిచి వెళ్ళేది కానీ ఒక్కదాన్నీ ముట్టేది కాదు.

మొదటి కాన్పులో మూడు పిల్లలు. ఒంటి నిండా మచ్చలు, నీలం కళ్ళు. పరాయి మగది ఒకటి వచ్చి ఒకదాన్ని చంపేసింది. మగవి అలా చంపుతాయి, పిల్లలు పోతే తల్లి మళ్ళీ ఎదకొస్తుందని. మిగిలిన రెంటినీ పిట్టలా ఈలలేసి పిలుచుకుంటూ, వేటాడిన చోటికి తిప్పుకుంటూ, మచ్చలు చెరిగి తనంత ఎత్తు ఎదిగేదాకా పెంచింది. ఒకరోజు తింటున్న వాటిని అక్కడే వదిలేసి లేచి వెళ్ళిపోయింది, వెనక్కి కూడా చూడలేదు. ఆడపిల్ల పక్క కొండ మీదే కాపురం పెట్టింది. మగపిల్ల సరస్సు దాటి ఎటో పోయింది, ఇక జాడే లేదు. ఇదంతా సిస్తో చూశాడు, చూసి అందరికీ చెప్పాడు. ప్యూమాల్ని చంపితే ఎవరూ అడిగే రోజులు కావవి. అయినా వేటగాడు అబెలీనో తన కుక్కల్ని ఎప్పుడూ ఈ వాలుకి తీసుకురాలేదు. ఎందుకంటే సిస్తో వద్దన్నాడు. వంకరతోకకి ఉన్న కాపలా ఏదన్నా ఉందంటే అది సిస్తో మాటే.

"ఒక్క గొర్రేగా అండి," అన్నాడు సిస్తో.

"ఇవాళ ఒకటి. మళ్ళీ ఈనిందని నువ్వే అన్నావు. తల్లి ఏం తినిపిస్తే పిల్లలు బతికినన్నాళ్ళూ అదే వేటాడతాయని కూడా నువ్వే అన్నావు." మతూలిచ్ గుర్రం ఎక్కాడు. "అబెలీనోకి కబురు పెడతా."

మర్నాడు అబెలీనో వచ్చేశాడు. సిస్తో నాన్నకి ప్రాణస్నేహితుడు, చిన్నప్పుడు సిస్తోని గుర్రమెక్కించింది ఆయనే. వెనక వేటకుక్కలు, వాటి ముందు ముసలి రేయ్నా, సగం చెవి లేనిది.

"ఏరా అబ్బాయ్! పిల్లని చూసుకోరా అంటే ప్యూమాని చూసుకుంటూ కూర్చున్నావు. చివరికి అదీ మోసం చేసిందా?"

"ఊరుకో బాబాయ్."

"మొహం చూడు, నిజంగానే పెళ్ళాం లేచిపోయినట్టు పెట్టాడు!"

పొయ్యి దగ్గర కూర్చుని ఒకే సొరబుర్రలోంచి, ఒకే గొట్టంతో, ఒకరి తర్వాత ఒకరు మాతే కషాయం తాగారు. ఆ కాసేపట్లో చెప్పెయ్యొచ్చు. చెబుదామనుకున్న ప్రతిసారీ పింతో వచ్చి మోకాలి మీద గడ్డం ఆనించింది.

పొద దగ్గర అబెలీనో గుర్రం కూడా దిగలేదు. "నువ్వు చూశాక మళ్ళీ నేనేంట్రా చూసేది!" అన్నాడు. కుక్కలు గొర్రె చుట్టూ తిరిగాయి, తుమ్మాయి, ఏమీ దొరకనట్టు మొహాలు పెట్టాయి. "ఈ గాలికి వాసనేం మిగులుతుంది! సరే, దాని గుహ ఎక్కడో చూపించు."

సిస్తో ఎడమ వైపు గుట్ట చూపించాడు. అది పాత గుహ. పిల్లలు కాస్త ఎదగ్గానే తల్లి చోటు మారుస్తుంది, వాసన ముదిరితే శత్రువులొస్తారని. వంకరతోక కుడివైపు లోయలోకి మారిందని అతనికి తెలుసు. ఖాళీ గుహ చూసి ముసలాయన తిట్టుకుంటూ వెళ్ళిపోతాడు, అటు కుక్కా బతుకుతుంది, ఇటు ప్యూమా బతుకుతుంది. ఎంత తెలివో! దారిలో ఆ తెలివికి తనే లోలోపల మురిసిపోయాడు కూడా.

గుట్ట సగం ఎక్కారో లేదో రేయ్నా తల ఎత్తి ఒక్క అరుపు అరిచింది. గడ్డి కప్పిన గ్వనాకో కళేబరం, ఇంకా వెచ్చగానే ఉంది. వంకరతోక అక్కడే వేటాడింది. పిల్లలకి పాలివ్వాలంటే తల్లికి రెండింతలు తిండి కావాలి, దూరమైనా వస్తుంది. ఇంత తెలిసినవాడికి ఆ ముక్క ఎందుకు తట్టలేదు? కుక్కలన్నీ ఒక్కసారిగా పరుగందుకున్నాయి. గుర్రాలు రాళ్ళ మీద జారుతూ వెనకపడ్డాయి. వీళ్ళు చేరేసరికి వంకరతోక ఒక బండ అంచున, వెనక కొండగోడకి వీపు ఆనించి నిలబడి ఉంది, కింద కుక్కలు గోల, బండ మొదట్లో రేయ్నా పక్కకి ఒరిగిపోయి ఉంది, పొట్ట దగ్గర నేలంతా ఎర్రగా.

ప్యూమాకి సింహంలా గర్జించడం రాదు. చెవులు వెనక్కి అణిచి బుస కొడుతోంది. బుస కొడుతూనే మధ్యమధ్యలో కుడివైపు లోయకేసి చూస్తోంది.

అబెలీనో తుపాకీ ఎత్తాడు. గురి చూశాడు. దించాడు.

"పాలిస్తోందిరా."

సిస్తో కూడా ఆ లోయకేసే చూశాడు.

"పాలిచ్చేదాన్ని నేనెప్పుడూ కొట్టలేదు. కానీ గొర్రె మరిగితే తప్పదు." ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు. "నువ్వు దాన్నెరుగుదువు. అదేనా చంపింది? నువ్వు ఊ అంటే కొడతా."

"అది కాదు బాబాయ్."

"అది కాకపోతే ఇంకేది?"

"పింతో. పింతో చంపింది. గడ్డి నేనే కప్పాను."

అబెలీనో తిడతాడని, కొడతాడని ఎదురుచూశాడు, కొడితే బాగుండుననుకున్నాడు. ముసలాయన తుపాకీ భుజానికి తగిలించి, కుక్కల్ని ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలిచి తాళ్ళు వేశాడు. బండ మీద ఏమీ లేదు. వంకరతోక ఎప్పుడు దూకిందో కూడా ఇద్దరూ చూడలేదు. ఆయన రేయ్నా పక్కన కూర్చుని దాని తల ఒళ్ళో పెట్టుకున్నాడు, ఊపిరి ఆగేదాకా.

ఇక అప్పుడు సిస్తో నోటి నుంచి వచ్చిన మాట, తర్వాత ఎప్పుడు గుర్తొచ్చినా ఒళ్ళు ముడుచుకుపోయేలా చేసిన మాట: "బాబాయ్, పింతోని నువ్వు తీసుకో. వేటకి బాగా పనికొస్తుంది. రేయ్నా బదులు..."

అబెలీనో తల ఎత్తాడు. "ఇంకా దాన్ని బతికించుకోవాలనే చూస్తున్నావా?"

గుడిసె దగ్గర సిస్తో ఏం చెయ్యాలో తోచక నీళ్ళు కాచి, మాతే కలిపి, రెండు చేతులతో అందించాడు.

"థాంక్స్," అన్నాడు అబెలీనో.

మాతే దగ్గర థాంక్స్ అంటే ఇక నాకు వద్దని. కడుపునిండా తాగాక అనేమాట అది. ఆయన ఒక్క గుక్కైనా తాగకుండా అన్నాడు. బుర్ర సిస్తో చేతుల్లోనే ఉండిపోయింది.

"మతూలిచ్‌కి నేను చెప్పను. నువ్వే చెప్పుకో. అందరి ముందూ చెప్పుకో."

మర్నాడు ఎస్టేటు వంటింట్లో పనివాళ్ళంతా బల్ల దగ్గర మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు సిస్తో నిలబడి చెప్పాడు. కాలేయం తీయడం దగ్గర్నుంచీ చెప్పాడు. బల్ల చుట్టూ నవ్వులు.

"అయితే గడ్డి కూడా గోళ్ళతోనే పీకావా?"

"కాలేయం పచ్చిదే తిన్నావా, ఉప్పేసుకున్నావా?"

"జరగండ్రా, ప్యూమాగారికి చోటివ్వండి! ఎర్మెలిందక్కా, సూపొద్దంట, గొంతు చూపించు చాలు!"

వంటావిడ ఎర్మెలిందా గరిటెతో బల్ల మీద కొట్టి నోళ్ళు మూయించింది. మతూలిచ్ మాత్రం నవ్వలేదు. రొట్టె తుంచుతూ మామూలుగా అడిగాడు.

"మరి వంకరతోక గొర్రెని ముట్టదని ఇన్నేళ్ళూ చెప్పింది? అదీ ఇలాంటిదేనా?"

"అది నిజమండి."

ఎవరో రొట్టె అందించమన్నారు.

"నిజమేనండి! నేను చూశాను, ఎన్నోసార్లు చూశాను..."

"సరేలే నాయనా, నిజమే అయ్యుంటుంది, కూర్చో," అంది ఎర్మెలిందా, జ్వరంలో పలవరించే పిల్లాడితో అన్నట్టు. ఆ నవ్వులన్నీ కలిపినా అంత నొప్పి పుట్టలేదు. వంకరతోక ఎప్పట్లాగే గ్వనాకోల వెనక తిరుగుతుంది, పిల్లలకీ అదే నేర్పుతుంది, కానీ ఇక ఏ గొర్రె చచ్చినా దాని తరఫున చెప్పేవాడు లేడు. ఉన్నవాడి మాట ఈ బల్ల దగ్గరే చచ్చిపోయింది.

బల్ల చివర అబెలీనో తన సూపు గిన్నెకేసి చూస్తూ అన్నాడు: "ఈసారి గొర్రె పోతే నన్ను పిలవండి. గొంతు తోలు ఒలిచి చూస్తాను. కుక్క పళ్ళో ప్యూమా పళ్ళో లోపల తెలిసిపోతుంది." చెంచా పక్కన పెట్టి, "నిన్ననే చూడాల్సింది. వీడున్నాడు కదా అని చూడలేదు," అన్నాడు.

సిస్తో టోపీ తీసుకున్నాడు.

"కుక్క సంగతి?" అన్నాడు మతూలిచ్.

"నేనే చూస్తానండి."

బయట పింతో ఎగిరి మీదకి దూకింది. జీను సంచిలోంచి తుపాకీ తీస్తుంటే పని మీద వెళ్తున్నామనుకుని సంబరపడిపోయింది. గొర్రెల దొడ్డి దాటి, ముళ్ళకంచె దాటి, ఇంకెవరికీ కనపడనంత దూరం నడిచారు. పింతో ముందుకి ఉరికింది, గడ్డిలో పొట్ట ఆనించి కూర్చుంది, కుడికా ఎడమకా అన్నట్టు ఈల కోసం వెనక్కి తిరిగి చూసింది. సిస్తో పెదాలు ముడిచాడు. గాలి మాత్రమే వచ్చింది.