దెబ్బ లేని కేసు

పొద్దుటి నుంచి చేపల ఫ్యాక్టరీలో నిలబడి ముళ్లు ఏరి, కాళ్లీడ్చుకుంటూ ఇల్లు చేరిన మిలికా గుమ్మంలో చెప్పులు చూసి ఆగిపోయింది. అన్నీ మొగుడి తరఫువాళ్లవే. ఎంతో మర్యాదగా వరసలో ఉన్నాయి. ఆ మర్యాదే ఆమెకు నచ్చలేదు. మొగుడు ఇనోకె తన దరిదాపులకు రాకూడదని ఆమె అడిగిన ఉత్తర్వు మీద కోర్టులో విచారణ రేపే.

ఆమె తలదాచుకున్న పెద్దనాన్న ఇల్లు అది. లోపల చాప మీద, యంగోనా వేరుతో చేసిన మత్తుపానీయం గిన్నె చుట్టూ మగవాళ్లు. ఇనోకె పెళ్లిచూపులకొచ్చినవాడిలా తల వంచుకున్నాడు. అతని మేనమామ చేతిలో తాడు కట్టిన తిమింగలం దంతం. పుట్టింటి పెద్ద దాన్ని అందుకుంటే తప్పు పూడ్చిపెట్టినట్టే. ఆడది కేసు వదులుకుని మొగుడి వెంట నడవాలి. ఇచ్చేదీ పుచ్చుకునేదీ మగవాళ్లే గనక పని తొందరగా అయిపోతుంది.

"రామ్మా, రా," అన్నాడు మేనమామ తియ్యగా. "మావాడు నిన్ను కొట్టాడా? ఒక్క దెబ్బ?"

"లేదు."

"విన్నారా బావగారూ! దెబ్బే లేనిదానికి కోర్టెందుకండీ?"

కేసు పెట్టిన రోజు మిలికా కూడా కోర్టు గుమాస్తాతో అదే అంది. "ఫోను పగలగొట్టాడా? ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా కాశాడా? చంపుతానన్నాడా?" అని ఆవిడ అడిగి, "ఫిజీ చట్టంలో ఇవన్నీ హింసేనమ్మా," అంది. మిలికాకు ఆవిడ మీదా అనుమానమే. సబ్బులమ్మేవాళ్లూ ఇలాగే అన్నిటికీ ఔననిపిస్తారు. కానీ ఔనని తప్ప చెప్పడానికేమీ లేకపోయింది.

పెద్దనాన్న సెమెసా దంతం కోసం చేతులు చాచాడు.

"ఆగు, పెద్దనాన్నా." మిలికా చాప అంచున కూర్చుంది. "ఇనోకె, రేపు కోర్టు లేకపోతే ఇవాళ వచ్చేవాడివా?"

ఇనోకె తలెత్తాడు. గేటు దగ్గర చూసే చూపే అది. "ముందు ఇంటికి పద. అక్కడ చెప్తా నీ సంగతి."

"చూశావా పెద్దనాన్నా? దెబ్బ లేదు మరి!"

"నోర్ముయ్! నలుగురిలో నా పరువు తీస్తావా?" కసిరాడు సెమెసా.

"దంతం నీకిస్తున్నారు, కావాలంటే నువ్వు క్షమించుకో. కేసు పెట్టింది నేను. రేపు నేను వెళ్తాను."

దంతం అందుకోగానే కొట్టాల్సిన చప్పట్ల కోసం అరచేతులు దగ్గరికి తెచ్చినవాళ్లు, వాటినేం చేయాలో తెలియక సెమెసా వంక చూశారు. అతని చేతులు చాచినవి చాచినట్టే ఉన్నాయి, ఖాళీగా.