పడౌక్ చంకకర్ర

అచ్చిబాబు పొద్దున్నే టీ తాగి, చంకకర్ర ఊనుకుంటూ పోర్ట్ బ్లెయిర్‌లోని ఫీనిక్స్ బే జెట్టీకి బయల్దేరడం, కాసేపటికే చెమటలు కక్కుతూ షాదీపూర్‌లోని ఇంటికి తిరిగి రావడం రోజూ ఉన్నదే. బోటు మీద తాళ్ళు విసిరే లష్కరు. కాలు విరిగాక కెప్టెన్ వద్దన్నాడు. పోనీ బతిమాలుకుందామంటే కర్ర బోటెక్కే గ్యాంగ్‌వే దాకా వెళ్ళనిస్తేగా! ఇంటివైపు లాక్కొచ్చేస్తుంది.

అది పెరట్లోని పడౌక్ కొమ్మ. పడౌక్ చెక్క తన చెట్టు దగ్గరికే పోతుంది. అందుకే ఎక్కడో ఉత్తరాన ఉన్న డిగ్లీపూర్ చెక్కతో చేసిన మంచాల్ని పోర్ట్ బ్లెయిర్‌లో కిటికీ ఊచలకి కట్టేసుకుంటారు. మొగుణ్ణి సముద్రం మింగేస్తుందని భయపడి అప్పలకొండమ్మ కావాలనే ఆ కొమ్మ కొట్టించి కర్ర చేయించింది. వడ్రంగి జోగులు చెక్కపొట్టు గ్లాసు నీళ్ళలో వేసి ఎండలో పెడితే నీలిరంగు తేలింది.

"అసలు పడౌకే అక్కా. కానీ ఆకు రాలిపోతే చెట్టు పడుకుంటాది. అప్పుడు లాగదు," అన్నాడు.

ఆ మాటతో ఇద్దరికీ కుదురు పోయింది. ఫిబ్రవరిలో ఆకు పండబారింది. ఆమె బిందెలకొద్దీ నీళ్ళు పోసేది. అతను రాలిన ఆకు చూసి ఈల వేసేవాడు.

"ఎందుకే నీళ్ళు? అది రాల్చక మానదు."

"నువ్వు కుదురుగా ఉంటే నేనెందుకు పోస్తాను మావా?"

చెట్టు బోడైంది. కర్ర లాగడం మానేసింది. ఏప్రిలంతా గ్యాంగ్‌వే దగ్గర బతిమాలి, మే నెలలో ఒక్క ట్రిప్పుకి కెప్టెన్ని ఒప్పించి అచ్చిబాబు డిగ్లీపూర్ బోటెక్కేశాడు.

మర్నాడు తుఫాను గాలి. తిరిగి రావాల్సిన బోటు రాలేదు. వైర్‌లెస్‌కి కూడా అందట్లేదన్నారు. అప్పలకొండమ్మ పెరట్లోకి పరిగెత్తి మాను పట్టుకుని ఊపింది.

"లెగు! లెగవే! నా మనిషిని లాక్కురా!"

ఆ మర్నాటి వానకి కొమ్మ చివర చిగురు కనబడింది. ఆమె చెప్పులైనా వేసుకోకుండా జెట్టీకి పరిగెత్తింది.

బోటు వస్తోంది. ఇంజన్ చప్పుడు లేదు. ముందు డెక్ మీద, ఇంటివైపు లాగుతున్న కర్రని రైలింగుకి కట్టి, రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు అచ్చిబాబు.

"చిగురేసిందేటే?" దూరం నుంచే అరిచాడు.

ఆమెకి ఏడుపాగలేదు. కెప్టెన్ దిగుతూనే, "దీదీ, ఇక మీ ఆయన లేకుండా బోటు తియ్యను," అన్నాడు.

కట్టేసుకుందామని తను చేయించిన కర్రే మొగుణ్ణి మళ్ళీ సముద్రానికి ఇచ్చేసింది. అప్పలకొండమ్మ కళ్ళు తుడుచుకుంది.

"సరే భయ్యా. చెట్టు పడుకున్న నెలల్లో మాత్రం ఈయన్ని ఇంటికి పంపెయ్యి."